ఎలక్ట్రానిక్ తంబురా: ఏళ్ల తరబడి వాడాక నా మాట

తంబురాలా మోగుతుందా అంటే, మోగదు. కొనబోయేవాళ్లు మొదట అడిగేది ఇదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. బాగా శ్రుతి చేసిన తంబురా పక్కన, పాటకు ఆధారంగా శ్రుతి మోగించే ఈ ఎలక్ట్రానిక్ తంబురా పెట్టెను పెట్టి రెండూ వినిపిస్తే, సంగీతం రాని పిల్లలు కూడా తేడా పట్టేస్తారు. అయినా పదేళ్లకు పైగా నా సాధనంతా ఈ పెట్టె ముందే సాగింది. ఇది రేపు పాడైపోతే మళ్లీ కొంటానా అంటే, తప్పకుండా కొంటాను.

నాది చిన్న మోడల్. పాత ట్రాన్సిస్టర్ రేడియో అంత ఉంటుంది. శ్రుతి మార్చే నాబ్, దాన్ని సన్నగా సవరించే మరో నాబ్, మీటే వేగం, వాల్యూమ్, మొదటి తీగకు పంచమమా (ప) మధ్యమమా (మ) ఎంచుకునే స్విచ్. అంతే. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే గుణదోషాలు చాలావరకు ఈ జాతి పెట్టెలన్నిటికీ వర్తిస్తాయి. 1970ల చివర్లో బెంగళూరులో జి. రాజ్ నారాయణ్ అనే ఇంజినీరు, వేణుగానం తెలిసిన మనిషి, ఇలాంటివి చేయడం మొదలుపెట్టారు. సాధన చేసేవాడి అవసరం తెలిసినవాడు చేసిన వస్తువు కాబట్టే కాబోలు, ఇందులో అనవసరమైన హంగు కనబడదు.

మాది విజయనగరం. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ చెప్పారు. అలాంటి ఊళ్లో కరెంటుతో మోగే తంబురాను పెద్దవాళ్లు ఏ కంటితో చూసేవారో చెప్పక్కర్లేదు. మా మాస్టారింట్లో పనస చెక్కతో చేసిన నిలువెత్తు తంబురా ఉండేది. పిల్లలం వంతులవారీగా మీటేవాళ్లం. "పాడటానికి తొందరేంటమ్మా, ముందు కాసేపు విను" అనేవారు ఆయన. నాలుగు తీగలే. పంచమం, రెండు షడ్జాలు (స), చివర ఇత్తడి తీగ మీద మంద్ర షడ్జం, అంటే కింది స్థాయి స. కానీ ఆ నాలుగింటిలోంచి ఎవరూ మీటని గాంధారం (గ) ఒకటి పైకి తేలి వినబడేది. బ్రిడ్జి మీద తీగకిందకి నూలు దారం సరిగ్గా జరిపినప్పుడే ఆ గాంధారం పలుకుతుంది. దారం వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే మాయమవుతుంది. స్వయంభూ గాంధారం అంటారు దాన్ని.

నా పెట్టెలో ఆ గాంధారం ఉంది. కానీ ఎప్పుడూ ఒకేలా ఉంది. మొదటి మీటుకు ఎలా పలికిందో వెయ్యో మీటుకూ అలాగే పలుకుతుంది. తంబురాలో వేలు కాస్త గట్టిగా పడితే ఒకలా, మెల్లగా పడితే ఇంకోలా వస్తుంది. ఆ తేడా చెవిని మెలకువగా ఉంచుతుంది. పెట్టె దగ్గర కొంతసేపయ్యాక చెవి దాన్ని వినడం మానేస్తుంది, ఫ్యాను చప్పుడును మానేసినట్టే. ఇది ఈ వస్తువులో ఉన్న అసలు లోపం. దీనికి మందు నేను కనిపెట్టుకున్నది ఒక్కటే. కీర్తనకూ కీర్తనకూ మధ్య పెట్టె ఆపేసి, నిశ్శబ్దంలో షడ్జం పట్టి, మళ్లీ ఆన్ చేసి సరిచూసుకోవడం.

ఇంతకీ తంబురా ఉంటే పెట్టె ఎందుకు? ఉద్యోగం వచ్చి విశాఖ ఫ్లాట్‌లో కాపురం పెట్టాక తంబురా కూడా తెచ్చుకున్నాను. సముద్రపు గాలికి తీగలు తుప్పు పట్టేవి, వానాకాలం తీగలు బిగించే బిరడాలు మొండికేసేవి. బిరడా తిప్పి, శ్రుతి సన్నగా సర్దే పూసలు జరిపి, దారం సర్ది, నాలుగు తీగలూ కలిసేసరికి పావుగంట గడిచేది. ఆఫీసుకు బయల్దేరే ముందు నాకు మిగిలేది అరగంట. కుక్కర్ కూతలు వేస్తుంటే శ్రుతి చేయడం ఎలా ఉంటుందో ఆడవాళ్లకు తెలుసు. దాంతో సాధన శని, ఆదివారాలకు జరిగిపోయింది, తర్వాత పండుగలకు జరిగింది. పెట్టె వచ్చాక ఒక్క నొక్కుతో మొదలవుతోంది. నా గొంతు మళ్లీ పాటకు వచ్చిందంటే ఆ ఒక్క నొక్కు వల్లే. ధ్వని ఎంత బాగుందన్నది దాని తర్వాతి సంగతి.

ధ్వని గురించి కొనేవాళ్లు పట్టించుకోవాల్సింది ఒకటుంది. చిన్న స్పీకరు లోతైన స్వరాన్ని పలికించలేదు. నేను పాడేది అయిదున్నర శ్రుతి (హార్మోనియం మెట్ల లెక్క ఇది, ఒకటి నుంచి ఏడు దాకా అంకె పెరిగినకొద్దీ స్థాయి పెరుగుతుంది). మంద్ర షడ్జం దాదాపు 104 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. నా పెట్టె దాన్ని కష్టపడి పలుకుతుంది. మగవాళ్లు ఒకటో శ్రుతి పెడితే మంద్ర షడ్జం 65 హెర్ట్జ్‌కు దిగుతుంది. అరచేతిలో సగం లేని స్పీకరుకు అది అందదు. మరి వినబడుతోందే అంటారా? పై స్వరాలను బట్టి చెవే దాన్ని పూరించుకుంటుంది. బొత్తిగా లేదని అనిపించదు, కానీ కింద నేల ఉన్న భరోసా ఉండదు. మా ఆయన తమ్ముడు సరదాగా పాడతాడు. అతను నా పెట్టె పెట్టుకుంటే ఎప్పుడూ కాస్త పైకి పోతాడు. పెద్ద స్పీకరుకు తగిలించి ఇస్తే కుదురుకున్నాడు. కాబట్టి మగవాళ్లు చిన్న మోడల్ కొనేటప్పుడు బయటి స్పీకరుకు వైరు పెట్టే వీలుందో లేదో చూసుకోవాలి. ఐదు, ఐదున్నర శ్రుతుల ఆడవాళ్లకు అంత ఇబ్బంది లేదు.

వాల్యూమ్ ఎక్కువ పెడితే శ్రుతి బాగా కలుస్తుందనుకుంటారు చాలామంది. నిజానికి శ్రుతి తప్పేది అప్పుడే. సొంత గొంతు వినబడకపోతే సరిదిద్దుకునేది ఏముంది? మన గొంతు శ్రుతిలో పడగానే పెట్టె వినబడకుండా పోవాలి, పక్కకి జరిగితే మళ్లీ బయటపడాలి. అంత తక్కువలో ఉంచుకోవాలి. ఒళ్లో పెట్టుకుని పాడటం కన్నా వెనక, భుజం ఎత్తులో పెట్టుకోవడం మేలు. కచేరీల్లో తంబురా వేసేవాళ్లు వెనక కూర్చునేది ఊరికే కాదు.

ఇక ఫ్రిజ్ సంగతి. దీని గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు, అందుకే కాస్త విడమరచి రాస్తాను. హాల్లో పాడినప్పుడల్లా షడ్జం దగ్గర ఏదో ఊగుతున్నట్టు ఉండేది. పెట్టె పాడైందనుకున్నాను. వెనకగదిలో అదే పెట్టె, అదే శ్రుతి, శుభ్రంగా ఉండేది. ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయి ఫోనులో హెర్ట్జ్‌లు చూపించే యాప్ పెట్టి ఇల్లంతా తిరిగాడు. ఫ్రిజ్ దగ్గర 100. ఇన్వర్టర్ దగ్గర 100. బజార్లో కొన్న చవక అడాప్టర్ పెట్టి నా పెట్టె వాల్యూమ్ తగ్గిస్తే, అందులోనూ సన్నగా 100. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దాని మీద నడిచే ట్రాన్స్‌ఫార్మర్లూ మోటార్లూ చేసే రొదలో ఎక్కువ పాలు దానికి రెట్టింపులో ఉంటుంది. నా మంద్ర షడ్జం 104. రెండు శబ్దాలు దగ్గరదగ్గరగా ఉండి కలవకపోతే, వాటి మధ్య ఎంత తేడా ఉంటే సెకనుకు అన్నిసార్లు ధ్వని పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నా చెవికి తగిలింది ఆ ఊగుడే. అయిదో శ్రుతి పెట్టుకునేవాళ్లకు మంద్ర షడ్జం 98 అవుతుంది కాబట్టి వాళ్లకూ తప్పదు, కాకపోతే ఊగుడు నెమ్మదిగా ఉంటుంది. అంటే మన ఇళ్లలో ఫ్రిజ్‌లన్నీ అయిదుకూ అయిదున్నరకూ నడుమ ఎక్కడో శ్రుతి పెట్టుకుని పాడుతున్నాయన్నమాట, సరిగ్గా ఆడవాళ్ల శ్రుతి నెత్తిమీదే.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచినప్పుడు ఈ రొద ఇంకా గరగరగా మారుతుంది. అందుకే అడాప్టర్ పక్కన పెట్టి, వెనకగదిలో బ్యాటరీల మీద పాడటం అలవాటు చేసుకున్నాను. ఖర్చే, కానీ షడ్జం నిలకడగా ఉంటుంది. ఆ రోజుల నుంచి నా చెవికి ఇదో జబ్బు పట్టుకుంది. లిఫ్టులో నిలబడితే అది ఏ స్వరమో వెతుకుతాను. ఆఫీసులో ఏసీ మధ్యమం అందుకుందని పక్కసీటావిడకు చెబితే ఆవిడ నవ్వి ఊరుకుంది.

చెల్లెలి కుటుంబం న్యూజెర్సీలో ఉంటుంది. కరోనా రోజుల్లో దాని కూతురికి వీడియో కాల్‌లో సరళీస్వరాలు మొదలుపెట్టాను, ఆ క్లాసు ఇప్పటికీ సాగుతోంది. మొదటి రోజు నేను పెట్టె ఆన్ చేసి పాడుతుంటే "పెద్దమ్మా, తంబురా రావట్లేదు" అంది. ఇక్కడ గది నిండా మోగుతోంది, అక్కడికి చేరడం లేదు. వీడియో కాల్ యాప్‌లలో వెనకాల వచ్చే చప్పుడును తీసేసే ఏర్పాటు ఉంటుంది. ఆగకుండా ఒకేలా మోగేదాన్నల్లా అది ఫ్యానో మిక్సీయో అనుకుని తుడిచేస్తుంది. తంబురా చేసే పనే ఆగకుండా ఒకేలా మోగడం! మన సంగీతానికి ఆధారమైనది ఆ సాఫ్ట్‌వేర్ లెక్కలో రొద. కొన్ని యాప్‌లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ధ్వనిని ఉన్నదున్నట్టు పంపే ఆప్షన్ ఆన్ చేసుకోవచ్చు. ఆన్ చేసినా గొంతు అటు చేరడంలో ఆలస్యం మాత్రం పోదు, కలిసి పాడటం కుదరదు. అందుకని ఆ పిల్లకూ ఒక పెట్టె కొనిపించాను. అక్కడ దాని పెట్టె దానికి, ఇక్కడ నాది నాకు. నేను పాడి ఆపుతాను, అది పాడుతుంది. విచిత్రం ఏంటంటే అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, రొద 120. అది ఆరున్నరకూ ఏడుకూ మధ్య పడుతుంది. అయిదున్నరలో పాడే ఆ పిల్లకు ఫ్రిజ్ పోరు నాకున్నంత దగ్గరగా లేదు.

ఫోనులో తంబురా యాప్‌లు ఉండగా విడిగా పెట్టె దండగ అనేవాళ్లున్నారు. ధ్వని వరకు వాళ్ల మాట నిజమే. మంచి యాప్‌లలో అసలు తంబురాను రికార్డు చేసి పెట్టినవి ఉన్నాయి, మంచి స్పీకరుకు తగిలిస్తే నా పెట్టె కన్నా బాగుంటాయి. ప్రయాణాల్లో నేనూ అవే వాడతాను. కానీ ఉచితంగా దొరికే వాటిలో మోహన రాగం ఆలాపన మధ్య అప్పుల ప్రకటన మోగుతుంది. వాట్సాప్ టింగుమంటుంది. ఆ టింగు ఏ శ్రుతికీ చెందదు. ప్రకటనలకు డబ్బు కట్టి వదిలించుకోవచ్చు, మెసేజ్‌లను ఆపుకోవచ్చు. అయితే ఫోను చేతిలోకి తీసుకున్నాక తంబురా యాప్ దగ్గరికే నేరుగా వెళ్లే మనసు నాకు లేదు. అది నా మనసు తప్పో ఫోను తప్పో అన్న వాదన ఇక్కడ అనవసరం. బ్లూటూత్ స్పీకరులో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, కానీ తంబురాకు అది ఏ ఇబ్బందీ పెట్టదు, తాళం యాప్‌కైనా చిక్కు లేదు. తాళాన్నీ మీ గొంతునూ కలిపి రికార్డు చేసేటప్పుడే ఆ కాస్త ఆలస్యం బయటపడుతుంది.

మరమ్మతుల గురించి చెప్పాలంటే, వాల్యూమ్ నాబ్‌లో దుమ్ము చేరి గరగరమంటుంది. రేడియోలు బాగుచేసే పాతకాలం షాపు దొరికితే స్ప్రే కొట్టి నిమిషాల్లో ఇచ్చేస్తారు. బ్యాటరీలు లోపల పెట్టి ఊరెళితే కారిపోయి స్ప్రింగులు తినేస్తాయి. ఊరెళ్లేముందు తీసేయాల్సిందే. పాత అనలాగ్ పెట్టెలు వేడెక్కినకొద్దీ శ్రుతి జారేవి. ఇప్పటి డిజిటల్ వాటికి ఆ బాధ లేదు, గంటసేపు మోగినా ఉన్నచోటే ఉంటాయి.

ఇంట్లోవాళ్ల సంగతి కూడా రాయాలి కదా. మా అత్తయ్యగారికి ఇది మోగుతుంటే మధ్యాహ్నం నిద్ర బాగా పడుతుందట, పాట మాత్రం వద్దంటారు. వాచ్‌మన్ ఒకసారి తలుపు కొట్టి "మోటారు ఆపడం మర్చిపోయారా అమ్మా" అని అడిగాడు. ఆ శబ్దాన్ని అంత నిక్కచ్చిగా విమర్శించినవాళ్లు ఇంకెవరూ లేరు.

ఒక చిన్న నష్టం కూడా ఉంది. దీని ముందు ఏళ్లు కూర్చున్నాక కరవోకే ట్రాకుల మీద సినిమా పాటలు పాడటం నాకు కష్టమైంది. తంబురాలో తేలే అంతర గాంధారానికీ, కీబోర్డు మీద అదే పేరుతో ఉన్న స్వరానికీ తేడా ఉంది. పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని వంద సెంట్లుగా లెక్కేస్తే, కీబోర్డు గాంధారం దాదాపు 14 సెంట్లు పైన ఉంటుంది. పంచమంలో తేడా రెండే సెంట్లు, అది ఎవరికీ పట్టదు. గాంధారం మాత్రం పడుతుంది. ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దూరం పెట్టడానికి చెప్పిన కారణాల్లో ఈ స్వరస్థానాల గొడవ ఒకటి. మన పద్యనాటకాలు మాత్రం ఆ హార్మోనియం మీదే బతికాయి, జనం రాత్రంతా మేలుకుని విన్నారు. కాబట్టి తప్పు కీబోర్డుది అనను. పన్నెండు శ్రుతుల్లోనూ ఒకే వాద్యం పలకాలంటే అలాంటి సర్దుబాటు తప్పదు, సినిమా ఆర్కెస్ట్రా అంతా దాని మీదే నిలబడి ఉంది. అపార్ట్‌మెంట్ వినాయకచవితి కార్యక్రమంలో పాడాల్సి వస్తే ముందు రోజు పెట్టె ముట్టుకోకుండా, ట్రాకే నాలుగుసార్లు వింటాను. గొంతు అటు సర్దుకుంటుంది. కానీ టీవీ పాటల పోటీలు ఇంటిల్లిపాదితో కలిసి చూడనివ్వరు నన్ను, పక్కన గొణుగుతానని.

కొనేటప్పుడు షాపులో నిలబడి వింటే ఏదైనా బాగానే ఉంటుంది, రోడ్డు మీద రొదలో ఏ లోపమూ బయటపడదు. వాల్యూమ్ బాగా తగ్గించి, చెవి దగ్గర పెట్టుకుని, మీ శ్రుతిలో వినండి. వెనకాల సన్నని గుయ్యిమనే చప్పుడు ఉందా, ఒక మీటుకూ ఇంకో మీటుకూ మధ్య తెగినట్టు ఉందా చూడండి. సన్నగా సవరించే నాబ్ తిప్పినచోట నిలవాలి, వదులుగా ఉండకూడదు. మధ్యమం స్విచ్ తప్పనిసరి. పున్నాగవరాళి, నాదనామక్రియ లాంటి రాగాలు మధ్యమ శ్రుతిలో, అంటే మధ్యమాన్నే షడ్జంగా పెట్టుకుని, పాడేటప్పుడు అది లేక ఇబ్బందిపడతారు. రంగురంగుల డిస్‌ప్లేలకు ఎక్కువ డబ్బు పెట్టడం నా దృష్టిలో వృథా.

మగపిల్లలకు కొనేవాళ్లు గొంతు మారేదాకా ఆగుదామా అని అడుగుతుంటారు. ఆగక్కర్లేదు. తంబురా అయితే శ్రుతి అంత దిగినప్పుడు తీగలు మార్చాలి, ఒక్కోసారి వాద్యమే మార్చాలి. దీనికి నాబ్ తిప్పితే సరిపోతుంది. అయిదులోంచి రెండుకు, రెండులోంచి ఒకటిన్నరకు. ఆ వయసులో గొంతు వారానికో తీరుగా ఉంటుంది కాబట్టి, వాడికి ఏ రోజు ఏది హాయిగా ఉంటే అది పెట్టనివ్వండి.